కార్డు లోపలికి, గన్ బయటే: ఒక క్యారీ లైసెన్స్ కేసు

నేను ఉత్తర టెక్సస్‌లో హ్యాండ్‌గన్ లైసెన్స్ (పిస్టల్ ఒంటి మీద పెట్టుకుని తిరగడానికి, అంటే క్యారీకి, రాష్ట్రం ఇచ్చే లైసెన్స్) క్లాసులు చెప్తాను, రాష్ట్ర పబ్లిక్ సేఫ్టీ డిపార్ట్‌మెంట్ సర్టిఫై చేసిన ఇన్‌స్ట్రక్టర్‌ని. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో మనవాళ్ళు ఈమధ్య బాగా పెరిగారు, వాళ్ళందరి ప్రశ్నలూ ఇంచుమించు ఒకేలా ఉంటున్నాయి, అందుకే ఒక కేసు పూర్తిగా తెలుగులో రాసి పెడదామనుకున్నా. ఆ కుటుంబం సరేనన్నాకే రాస్తున్నా, గుర్తుపట్టే వివరాలు మార్చేశాను. నేను లాయర్‌ని కాను. కేసు పడితే లాయర్ దగ్గరికే వెళ్ళండి.

ఆయనది ఫోర్ట్‌వర్త్ వైపు ఒక గ్యాస్ స్టేషన్. చాలా ఏళ్ళు ఐటీలో చేసి, విసిగిపోయి కొనుక్కున్నారు. ఒక రాత్రి షాపు మూసే వేళ ఇద్దరు లోపలికి వచ్చారు, ఒకడి చేతిలో పిస్టల్. రిజిస్టర్‌లో డబ్బు, లాటరీ స్క్రాచ్ టికెట్ల రోల్స్ పట్టుకుపోయారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు, కానీ ఆ రోజు నుంచి ఆయనకి నిద్ర లేదు. నాకు ఫోన్ చేసి అడిగిన మొదటి మాట, "అన్నా, ఏ గన్ కొంటే బాగుంటుంది?"

ఎవరు అడిగినా నేను తిరిగి అడిగేది ఒకటే. నీ ఇమిగ్రేషన్ స్టేటస్ ఏంటి, ఇంట్లో ఇంకా ఎవరెవరు ఉంటారు, వాళ్ళ స్టేటస్ ఏంటి?

ఆయన, ఆయన భార్య ఇద్దరూ సిటిజెన్లే, ప్రమాణం చేసి ఏడాది కూడా కాలేదు. ఆమె ఆస్పత్రిలో ఎమర్జెన్సీ నర్సు. పిల్లలిద్దరు, బాబుకి 15, పాపకి 9. పై గదిలో ఆమె తమ్ముడు ఉంటాడు, ప్లేనోలో ఉద్యోగం, హెచ్-1బీ మీద. చలికాలం రాగానే గుంటూరు నుంచి ఆమె అమ్మానాన్న విజిటర్ వీసా మీద వచ్చి ఆరు నెలలు ఉంటారు. అసలు కేసంతా ఈ ఐదు వాక్యాల్లోనే ఉంది, గన్ మోడల్ సంగతి చాలా చిన్న విషయం.

ముందు స్టేటస్ సంగతి

మనవాళ్ళకి ఇది సరిగ్గా తెలియదు, తెలిసినట్టు మాట్లాడేవాళ్ళు మాత్రం చాలామంది. గ్రీన్ కార్డు ఉంటే, వేరే అడ్డంకి లేకపోతే, గన్ కొనుక్కోవచ్చు. హెచ్-1బీ, ఎఫ్-1, బీ-2 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద వచ్చినవాళ్ళు ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్ళకి అదే చట్టంలో మినహాయింపు ఉంది, ఇంకా కొన్ని మినహాయింపులున్నాయి గానీ మనవాళ్ళకి తగిలేది ఇదే. మినహాయింపు లేకుండా పట్టుబడితే శిక్ష 15 ఏళ్ళ దాకా ఉండొచ్చు. 2022లో బైడెన్ సంతకం చేసిన చట్టంతో అది పదేళ్ళ నుంచి పదిహేనుకి పెరిగింది.

సొంతం కాకపోతే పర్లేదనుకుంటారు చాలామంది. రేంజ్‌కి వెళ్ళి ఒక పావుగంట అద్దెకి తీసుకుని కాల్చినా అది చేతిలో ఉన్నట్టే లెక్క. మన స్టూడెంట్లు వీకెండ్ రేంజ్‌కి వెళ్ళి ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటోలు పెడుతుంటే నాకు ఒళ్ళు మండుతుంది. తమ నేరానికి సాక్ష్యం తామే తారీఖుతో సహా పెట్టుకుంటున్నారు మరి.

ఆయన ప్లాను ఏమిటంటే బావమరిదిని కూడా రేంజ్‌కి తీసుకెళ్ళడం, తను షాపులో ఉన్న రాత్రి ఇంట్లో "మగాడు" ఒకడుండాలి కాబట్టి గన్ దాచే బాక్స్ కోడ్ అతనికి చెప్పి పెట్టడం. రెండూ వద్దన్నాను. గన్ అతని చేతిలో లేకపోయినా, కోడ్ తెలిసి ఎప్పుడైనా తీసుకునే వీలుంటే అతని దగ్గర ఉన్నట్టే అని ప్రాసిక్యూటర్ వాదించొచ్చు, తెలిసి ఇచ్చినందుకు ఈయన మీద విడిగా కేసు పెట్టొచ్చు. కుర్రాడి గ్రీన్ కార్డు లైన్లో ఉంది. ఇమిగ్రేషన్ చట్టంలో తుపాకీ నేరాలకి ప్రత్యేకంగా ఒక క్లాజు ఉంది, గ్రీన్ కార్డు వచ్చాక కూడా దాని కింద దేశం నుంచి పంపించేయొచ్చు. అది విన్నాక ఆ కుర్రాడే "బావా, నాకు ఆ బాక్స్ ఎక్కడుందో కూడా చెప్పకు" అన్నాడు.

అత్తమామలకీ అదే రూలు. అత్తగారు తుపాకీ పట్టుకుంటారని ఎవరూ అనుకోరు, కానీ మన పెద్దవాళ్ళు వచ్చిన వారంలోపే ఇంట్లో ప్రతి అల్మారా తీసి సర్దుతారు. బీరువాలో చీరల కింద పెడతానన్న ఆయన ఐడియా అక్కడే ఆగిపోయింది.

వీడియో

క్లాసుకి ముందు నేను ఒకటి అడిగాను, దోపిడీ రోజు సీసీటీవీ వీడియో ఉందా అని. ఉంది. ఇద్దరం కూర్చుని చూశాం. తలుపు తెరుచుకుంది, మొదటివాడు చిప్స్ రాక్ దాటి కౌంటర్ దగ్గరికి వస్తూనే పిస్టల్ తీశాడు. అక్కడ పాజ్ చేసి, "ఇప్పుడు నీ చేతులు ఎక్కడున్నాయి?" అన్నాను. కుడి చెయ్యి లాటరీ డ్రాయర్‌లో, ఎడమ చేతిలో ఫోన్, వాట్సాప్. చూపు కూడా ఫోన్ మీదే. అప్పటికే వాడి పిస్టల్ గొట్టం ఆయన ఛాతీ మీద ఉంది.

నడుముకి గన్ ఉన్నా ఆ క్షణంలో తియ్యబోతే చచ్చిపోయేది ఆయనే. డబ్బు ఇచ్చేయడమే సరైన పని, ఆయన చేసిందీ అదే. ఏ దోపిడీ గుర్తొచ్చి గన్ కొందామనుకున్నారో ఆ దోపిడీలో గన్ ఎందుకూ పనికొచ్చేది కాదు, ఇది ఒప్పుకోవడానికి ఆయనకి టైమ్ పట్టింది. కాసేపు నా మీద కోపం కూడా వచ్చింది.

అందుకే మొదట గన్ కాకుండా షాపు మార్చాం. అద్దాల నిండా అతికించిన బీరు పోస్టర్లు పీకించాం, రోడ్డు మీద వెళ్ళే పోలీసు కారుకి కౌంటర్ కనపడాలి. లైట్లు పెంచాం. డబ్బు లోపల పడేసే డ్రాప్ సేఫ్ పెట్టించాం, తాళం కౌంటర్ మనిషి దగ్గర ఉండదని బోర్డు రాయించాం. మూసే టైమ్‌లో ఇద్దరుండాలి. ఫోన్ కౌంటర్ కింద పెట్టెయ్యాలి. నా ఫీజు గన్ క్లాసుకే గానీ, ఈ పనులు గన్ కన్నా ఎక్కువ కాపాడతాయని నేను గట్టిగా నమ్ముతాను.

"మరి వాడు టికెట్లు పట్టుకుని పారిపోతుంటే వెనక నుంచి కాల్చొచ్చా? టెక్సస్‌లో ఒప్పుకుంటారంట కదా" అని అడిగారు. రాత్రి పూట దొంగతనం విషయంలో ఆస్తి కాపాడుకోవడానికి కొన్ని షరతులతో ప్రాణాంతక బలం వాడే సెక్షన్ టెక్సస్‌లో ఉన్న మాట నిజమే. ఆ షరతులన్నీ కుదిరాయో లేదో తేల్చేది మాత్రం తర్వాత గ్రాండ్ జ్యూరీ (కేసు నడపాలా వద్దా అని చూసే పౌరుల బృందం), ఆ తర్వాత బహుశా ఇంకో జ్యూరీ, ఈలోగా నీ లాయర్ బిల్లు స్క్రాచ్ టికెట్ల ఖరీదు దాటి ఎక్కడికో పోతుంది. నా క్లాసులో జవాబు ఒక్కటే, వీపు కనపడుతుంటే గన్ బయటికి రాకూడదు.

లైసెన్స్ ఎందుకు

2021 సెప్టెంబర్ 1 నుంచి టెక్సస్‌లో 21 ఏళ్ళు నిండి, చట్టం అడ్డు లేనివాళ్ళు లైసెన్స్ లేకుండానే హ్యాండ్‌గన్ క్యారీ చేయొచ్చు. అలాంటప్పుడు 40 డాలర్లు కట్టి, వేలిముద్రలిచ్చి, క్లాసులో కూర్చోవడం దేనికి అని ఆయన కూడా అడిగారు. కారణాలు చాలా ఉన్నాయి గానీ ఆయనకి తగిలింది స్కూల్ జోన్ రూలు. స్కూలుకి 1,000 అడుగుల లోపు లోడెడ్ గన్‌తో తిరగడం ఫెడరల్ నేరం, ఆ రాష్ట్రం ఇచ్చిన లైసెన్స్ ఉన్నవాళ్ళకి మినహాయింపు. రోజూ పాపని స్కూలు దగ్గర దింపి అటునుంచటే షాపుకి వెళ్ళే మనిషికి ఇదేం చిన్న విషయం కాదు. పైగా టెక్సస్ లైసెన్స్‌ని ఒప్పుకునే రాష్ట్రాలు చాలా ఉన్నాయి. కాలిఫోర్నియా, ఇల్లినాయి, న్యూజెర్సీ ఒప్పుకోవు. న్యూజెర్సీలో చుట్టాలున్న ప్రతివాళ్ళకీ నేను ఇది రెండుసార్లు చెప్తాను.

క్లాసు నాలుగు నుంచి ఆరు గంటలు. బలం ఎప్పుడు వాడొచ్చు, గొడవ ఎలా తప్పించాలి, పిల్లలకి దొరక్కుండా ఎలా దాచాలి, ఇవన్నీ చట్టమే చెప్పమన్న పాఠాలు. తర్వాత రాత పరీక్ష, ఆపైన 50 రౌండ్ల షూటింగ్: 3 గజాల నుంచి 20, 7 గజాల నుంచి 20, 15 గజాల నుంచి 10. మొత్తం 250కి 175 వస్తే పాస్. నిజం చెప్పాలంటే పెద్ద కష్టమేం కాదు.

ఈయన అప్పటికే ఒక షాపువాడి మాట విని జేబులో పట్టేంత చిన్న 9 ఎంఎం పిస్టల్ కొనేశారు. చిన్న గన్ దాచడానికి తేలిక, కాల్చడానికి కష్టం, చేతిలో తన్నేస్తుంది. కాల్చినవన్నీ ఎడమ వైపు కిందికి పోతున్నాయి. ఆయనకి చెప్పకుండా మ్యాగజైన్‌లో అసలు తూటాల మధ్య రెండు డమ్మీలు (పేలని ఉత్తుత్తి తూటాలు) కలిపాను. మూడోసారి నొక్కితే టిక్కుమని శబ్దం, అంతే. గన్ పేలనేలేదు, కానీ గొట్టం మాత్రం రెండంగుళాలు కిందికి కుంగింది, కళ్ళు గట్టిగా మూసుకున్నారు. పేలుతుందని ముందే భయపడి చెయ్యి కిందికి తోసేస్తోంది. ఇది మాటలతో చెప్తే ఎవరూ నమ్మరు, ఒకసారి చూస్తే మర్చిపోరు. కాస్త పెద్దదైన గ్లాక్ 19 సైజు గన్‌కి మారారు, ఇంట్లో ఖాళీ గన్‌తో, తూటాలు వేరే గదిలో పెట్టి, నెమ్మదిగా ట్రిగ్గర్ నొక్కడం ప్రాక్టీస్ చేశారు, నెలలో బాగుపడింది.

ఒంటి మీద లేనప్పుడు ఎక్కడుంటుంది

క్యారీ అంటే అందరూ నడుముకి పెట్టుకోవడం గురించే ఆలోచిస్తారు. నేను ఎక్కువ టైమ్ పెట్టేది అది నడుముకి లేని గంటల మీద. ఒక వారం మొత్తం ఆయన తిరిగే చోట్లన్నీ కాగితం మీద రాయించాను, ప్రతి చోటా గన్ ఎక్కడుంటుందో పక్కన రాయమన్నాను. సగం గడులు ఖాళీగా వదిలేశారు.

భార్యని తీసుకురావడానికి ఆస్పత్రి లోపలికి వెళ్తే గన్ కుదరదు. బాబు స్కూల్ బిల్డింగ్ లోపలికి కుదరదు. అమ్మకాల్లో సగం పైన మందే ఉండే బార్లకి ఎర్రగా 51 శాతం అని బోర్డు ఉంటుంది, అక్కడ లైసెన్స్ ఉన్నా నేరమే. గుళ్ళ సంగతి వేరు. 2019 చట్టంతో ప్రార్థనా స్థలాలు నిషేధ జాబితా నుంచి పోయాయి, కానీ గుడివాళ్ళు 30.06, 30.07 బోర్డులు (లైసెన్స్ ఉన్నా గన్‌తో రావద్దని చెప్పేవి) పెడితే మళ్ళీ కుదరదు. ఆ బోర్డు ఇంగ్లిష్‌లో, స్పానిష్‌లో, అంగుళం తగ్గని అక్షరాలతో ఉండాలి, చెప్పుల రాక్ పక్కన ఆయన వెళ్ళే గుళ్ళో అలాగే ఉంది. ఇన్నేళ్ళుగా ఆ తలుపులోంచే వెళ్తూ ఒక్కసారి కూడా చదవలేదట. బోర్డు లేకపోయినా నేను వద్దనే అంటాను. సాష్టాంగం పెడితే కుర్తా వెనక పిస్టల్ అచ్చు గుద్దినట్టు కనపడుతుంది, వెనకాల ఉన్న పిల్లాడు "మమ్మీ, అంకుల్ దగ్గర గన్" అన్నాడంటే ఇంక అర్చన ఏం జరుగుతుంది! శనివారం గుడి రోజు గన్ ఇంట్లోనే అని తేల్చాం.

కారు గ్లవ్‌బాక్స్‌లో వదిలేయడం మాత్రం అస్సలు ఒప్పుకోను, దొంగలకి గన్లు దొరికేది అక్కడే. సీటు ఫ్రేముకి కేబుల్‌తో కట్టిన లాక్ బాక్స్ పెట్టించాం, అదీ తప్పనిసరైనప్పుడే. ఇంకో రూలు, ప్రయాణానికి వాడే బ్యాగులో గన్ ఎప్పుడూ పెట్టకూడదు. 2023లో అమెరికా ఎయిర్‌పోర్టు చెక్‌పాయింట్లలో 6,737 గన్లు దొరికాయి, వాటిలో నూటికి తొంభై పైగా లోడ్ చేసి ఉన్నవే. వాళ్ళలో ఎక్కువమంది చెప్పేది "బ్యాగులో ఉందని మర్చిపోయా" అనే.

ఇంట్లో గోడకి బోల్టులు వేసిన వేలిముద్ర బాక్స్. 17 ఏళ్ళ లోపు పిల్లలకి లోడెడ్ గన్ అందేలా నిర్లక్ష్యంగా వదిలేస్తే టెక్సస్‌లో నేరం, పిల్లలు కాల్చి ఎవరికైనా ప్రాణం మీదికొస్తే శిక్ష పెరుగుతుంది. ఆయన బెంగ అంతా పాప గురించి. నాకు బెంగ బాబు గురించి, అది ఆయన ముందు అనడానికి కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. 2021లో ఈ దేశంలో తుపాకీతో పోయిన 48,830 మందిలో 26,328 మంది ఆత్మహత్యలే. మన ఇళ్ళలో పదిహేనేళ్ళ పిల్లాడి మీద ర్యాంకుల టెన్షన్ ఎంత ఉంటుందో మనకి తెలుసు. ఈ లెక్క చెప్పగానే ఆయన భార్య అందుకుంది, "నేను రోజూ ఎమర్జెన్సీలో చూసేది ఇదే అన్నయ్య గారూ, ఈయనకి సినిమా దొంగలే కనపడతారు." బాక్స్‌లో వేలిముద్రలు భార్యాభర్తలవి మాత్రమే ఎక్కించాం, బాబుది వద్దు.

ఓటు

ఇండియాలో తుపాకీ లైసెన్స్ అంటే ప్రభుత్వం దయ తలచి ఇచ్చేది. ఎలక్షన్ కోడ్ రాగానే లైసెన్స్ తుపాకులు పోలీస్ స్టేషన్లో డిపాజిట్ చేయమంటారు, రాయలసీమలో, పల్నాడులో అయితే ఇంకా గట్టిగా. ఇక్కడ అది 1791 నుంచి రాజ్యాంగంలో ఉన్న హక్కు. అది ఒక్కో మనిషికీ చెందే హక్కని 2008లో హెల్లర్ కేసులో, ఇంటి బయట కూడా వర్తిస్తుందని 2022లో బ్రూయెన్ కేసులో సుప్రీం కోర్టు చెప్పింది. హద్దులున్నాయని కూడా చెప్పింది. గృహహింస కేసులో కోర్టు ఆర్డర్ ఉన్నవాడి దగ్గర గన్ ఉండకూడదనే రూలు చెల్లుతుందని 2024లో 8-1తో తీర్పిచ్చిన రహీమీ కేసు ఇక్కడి ఆర్లింగ్టన్‌లో మొదలైందే.

ఆయన కొత్త సిటిజెన్, కొత్త గన్ ఓనరు, ఆ ఊపులో "అన్నా, గన్స్ విషయంలో ఎవరికి వేయాలి?" అన్నారు. ఎవరికో నేను చెప్పను. ఏ కుర్చీలో ఉన్నవాళ్ళు ఏం చేయగలరో మాత్రం చెప్తాను, ఎందుకంటే మనవాళ్ళు సిటీ కౌన్సిల్ అభ్యర్థిని పట్టుకుని గన్ చట్టాల గురించి నిలదీయడం చూశాను. టెక్సస్‌లో సిటీలు సొంతంగా గన్ రూల్స్ పెట్టకుండా రాష్ట్ర చట్టమే కట్టేసింది. పాలసీ అంతా రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లో, బేసి సంవత్సరాల్లో 140 రోజులు కూర్చునే అసెంబ్లీలో తేలుతుంది. ఆత్మరక్షణలో ఎవరినైనా కాల్చాల్సి వస్తే ఆ కేసుని గ్రాండ్ జ్యూరీ ముందు ఎలా పెట్టాలో నిర్ణయించేది కౌంటీ డిస్ట్రిక్ట్ అటార్నీ, అంటే అక్కడి ప్రధాన ప్రాసిక్యూటర్, అదీ ఎన్నికైన పదవే. షాపు నడిపేవాడు మేయర్ పేరు కన్నా ఆ పేరు తెలుసుకోవడం ముఖ్యం.

భార్యది పూర్తిగా వేరే అభిప్రాయం. 2023 మేలో డాలస్ దగ్గర ఆలెన్ ఔట్‌లెట్ మాల్‌లో ఎనిమిది మందిని చంపేశారు, వాళ్ళలో హైదరాబాద్ కుటుంబానికి చెందిన ఒక తెలుగమ్మాయి కూడా ఉంది. వీళ్ళు పిల్లల బట్టలు కొనేది ఆ మాల్‌లోనే. రెండు రోజుల తర్వాత, సెమీ ఆటోమేటిక్ రైఫిల్ కొనే వయసు 21కి పెంచే బిల్లు టెక్సస్ హౌస్ (రాష్ట్ర దిగువ సభ) కమిటీలో 8-5తో గట్టెక్కింది, ఆ వెంటనే గడువు దాటిపోయి ఆగిపోయింది. ఆమె ఓటు ఆ బిల్లు వైపు. ఈయనేమో వద్దంటారు. ఒకే ఇంట్లో రెండు ఓట్లు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటే కొట్టేసుకోనివ్వండి, నాకేం ఇబ్బంది లేదు.

ఇద్దరికీ ఒకేలా అర్థం కానిది ప్రైమరీ, అంటే పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చే ముందస్తు ఎన్నిక. సిటిజెన్లయ్యాక మొదటిసారి నవంబర్‌లో ఉత్సాహంగా బ్యాలెట్ తెరిస్తే రాష్ట్ర హౌస్ సీటుకి ఒక్కటే పేరు. "మరి నేను ఎవరిలో ఎవరిని ఎంచుకోవాలి?" అని ఆమె అడిగింది. ఆ ఎంపిక మార్చిలోనే అయిపోయిందమ్మా అన్నాను. టెక్సస్‌లో పార్టీ రిజిస్ట్రేషన్ లేదు, మార్చిలో ఏదో ఒక పార్టీ బ్యాలెట్ అడిగి తీసుకోవచ్చు, ఎన్నికకి 30 రోజుల ముందు ఓటర్‌గా నమోదై ఉంటే చాలు. ఆ కమిటీలో రైఫిల్ వయసు బిల్లుకి ఓటేసిన ఇద్దరు రిపబ్లికన్లలో ఒకరు రాక్‌వాల్ వైపు ప్రతినిధి జస్టిన్ హాలండ్, 2024 మేలో ప్రైమరీ రనాఫ్‌లో (మొదటి రౌండ్‌లో ఎవరికీ సగం దాటకపోతే పెట్టే రెండో రౌండ్) సీటు పోగొట్టుకున్నారు. ఆ ఓటమికి అప్పటి రాష్ట్ర అటార్నీ జనరల్ పాక్స్‌టన్ అభిశంసనకి ఓటేయడం లాంటి వేరే కారణాలూ ఉన్నాయి, ఇదొక్కటే అని నేననను. కానీ ఆయన భవిష్యత్తు తేలింది మే నెల రనాఫ్‌లో, మనవాళ్ళు ఇండియా టికెట్లు బుక్ చేసుకునే హడావిడిలో ఉండే రోజుల్లో.

ఎర్లీ ఓటింగ్ (ఎన్నిక తారీఖుకి ముందే ఓటేసే వీలు) రోజు షాపు నుంచి బయల్దేరుతూ ఆయన నాకు ఫోన్ చేశారు. ఓటు వేసే బిల్డింగ్‌లోకి గన్ తీసుకెళ్ళడం ఎర్లీ ఓటింగ్ రోజుల్లో కూడా నేరమే, లైసెన్స్ ఉన్నా అంతే. లైబ్రరీ పార్కింగ్‌లో నడుము నుంచి తీసి బాక్స్‌లో పెట్టడం కుదురుతుంది గానీ, క్యూలో ఉన్నవాళ్ళు కారు అద్దంలోంచి అది చూస్తే ఏమనుకుంటారు? షాపు సేఫ్‌లోనే పెట్టి వెళ్ళమన్నాను. అలాగే వెళ్ళారు, కానీ డ్రైవింగ్ లైసెన్స్ ఇంట్లో మర్చిపోయారు. పర్సులో ఉన్నది హ్యాండ్‌గన్ లైసెన్సే. టెక్సస్‌లో ఓటుకి చెల్లే ఏడు ఫొటో ఐడీల్లో అదొకటి, టేబుల్ దగ్గరామె చూసి బ్యాలెట్ ఇచ్చేసింది. ఇంటికొచ్చాక భార్య, "గన్ కార్డు చూపిస్తే ఓటు, మా మేనకోడలి యూనివర్సిటీ ఐడీ చూపిస్తే మాత్రం చెల్లదు, బాగుంది వరస" అందట. ఆమె చెప్పింది కరెక్టే, స్టూడెంట్ ఐడీ ఆ ఏడింటిలో లేదు.

ప్రస్తుతం కేసు పరిస్థితి ఇది. షాపు ఇప్పుడు గంట ముందే మూసేస్తున్నారు, మళ్ళీ దోపిడీ జరగలేదు. ఆయన షాపుకి వెళ్ళే రోజుల్లోనే క్యారీ చేస్తున్నారు, మిగతా రోజులు బాక్స్‌లోనే. బావమరిది రేంజ్ మాట మళ్ళీ ఎత్తలేదు. ఆమె మాత్రం మొన్న నాకు ఫోన్ చేసి వచ్చే బ్యాచ్‌లో పేరు రాయించుకుంది. క్యారీ చేయడానికి కాదట. "ఆ బాక్స్ నా వేలితో కూడా తెరుచుకుంటుంది కదా అన్నయ్య గారూ, లోపలున్నదాన్ని ఖాళీ చేయడం నాకూ రావాలి" అంది. ఓటు మాత్రం మార్చుకోనని ముందే చెప్పేసింది.